నూకాలు నడిచిన చుట్టు

నేను ఒక మరను. మర అనగానే మీకు పిండి మరో బియ్యం మరో గుర్తుకొస్తుంది. నేను ఆ వంశం కాదు. నడుమెత్తు ఇనుప కడ్డీని. ఒంటి చుట్టూ కింది నుంచి పై దాకా ఒక పట్టీ మెట్లలాగా చుట్టుకుని ఉంటుంది. ఇత్తడి దిమ్మలో నిలబెట్టి తిప్పితే పైకి లేస్తాను, నా నెత్తి మీద ఏదుంటే దాన్నీ లేపుతాను. మీ తలుపు బందులకు బిగించే మరమేకులు మా జాతిలో పిల్లకాయలు. వాటన్నిటికీ తిరిగే దారి ఒకటే. నాది దానికి ఎదురు దారి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టెను నేనే.

ఇది నా పొగరు కాదు. నన్ను చుట్టిన మనిషి నడక అలాంటిది. ఆ నడక తెలిసిన ఇద్దరు నోరు మూసుకోవడం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ కథ చెప్పుకోవడానికే ఇంతకాలం తుప్పుకు లొంగకుండా ఉన్నానేమో అనిపిస్తుంది.

మర కాకముందు నేను లంగరును. ఏ దేశపు ఓడదో గుర్తులేదు కానీ గోదావరి పాయల్లో ఇసుక తిన్నె మీద ఆ ఓడ పగిలిపోతే, నన్ను కోరంగి రేవుకి ఈడ్చుకొచ్చారు. కుంఫిణీ పాలన వచ్చి మా తట్టున రెండు తరాలైంది. కోరంగిలో అప్పుడు ఓడలు కట్టేవాళ్ళు, పాత ఓడలు బాగుచేసేవాళ్ళు. సముద్రపు పోటు మీద ఓడను పెద్ద గుంటలోకి తోసి, గుంట మూతికి మట్టికట్ట వేసి, నీళ్ళు తోడేసి, బురదలో నిలబడ్డ ఓడకు అడుగున పని చేసేవాళ్ళు. ఆ రేవులో వీరోజు అనే కమ్మరి ఉండేవాడు. మేకులూ గొలుసులూ చెయ్యడం అతని కులవృత్తి. లేనిదాన్ని ఊహించి చెయ్యడం అతని జబ్బు. నీళ్ళు తోడే ఏతానికి అతను పెట్టిన ఇనుప ఇరుసు చూడడానికి యానాం నుంచి జనం వచ్చేవాళ్ళట. అతని భార్య నూకాలు. కొలిమి తిత్తి ఊదేది, సమ్మెట ఎత్తేది, మొగుడి కన్నా ముందే ఇనుము రంగు చూసి "ఇంక తియ్యి మావా" అనేది. ఆవిడ తమ్ముడు పైడన్న ఓడ వడ్రంగి. పెళ్ళి కాలేదు, అక్కగారింట్లోనే భోజనం.

ఆ రేవు యజమాని ఆలెట్టు దొర. ఆయనకు నాలుగే తెలుగు మాటలు వచ్చు. తిప్పు, ఎత్తు, ఆపు, వెధవ. రేవు మొత్తాన్నీ ఆ నాలుగింటితోనే నడిపేవాడు. తన దేశం నుంచి ఓడల్ని ఎత్తే మరలు రెండు తెచ్చుకున్నాడు. వాటిలో ఒకటి విరిగింది. ఇంకొకటి తెప్పించాలంటే ఏడాది పడుతుంది. వీరోజు విరిగిన ముక్క దగ్గరికి వెళ్ళి, నేను చేస్తాను అని చేతులతో చూపించాడు. దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు రేవంతా విన్నది.

అక్కడ మొదలైంది పంతం. దొర తన మంచి మరను విప్పి చూపించలేదు. విరిగిన ముక్కనేమో మళ్ళీ కరిగించుకోవడానికి పెట్టెలో పెట్టించాడు. వీరోజు చూసినదల్లా తాంబూలం నమిలేంతసేపు, దూరం నుంచి. ఇనుములో మెట్లు ఎలా కోశారో అతనికి అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే ఇంకో దారి వెతుక్కునే మనిషి కనుక, కోయడం మానేసి చుట్టాలనుకున్నాడు. లంగరు కాడను సాగగొట్టి నున్నటి కడ్డీ చేశాడు. దాన్ని కొలిమి ముందు గుంటలో నిట్టనిలువుగా పాతాడు. ఒకే మందం ఇనుప పట్టీలు రెండు పక్కపక్కన పెట్టి ఎర్రగా కాల్చాడు. రెండింటినీ జంటగా కడ్డీకి చుట్టి, చల్లారాక ఒకదాన్ని విప్పేస్తే, మిగిలినదాని మెట్ల మధ్య ఎడం ఎక్కడ చూసినా ఒక్కలా వస్తుంది కదా! ఈ ఆలోచన తట్టిన రోజున అతను అన్నం తినడం మరిచిపోయాడు.

పట్టీల కొసను పటకారుతో పట్టుకుని కడ్డీ చుట్టూ నడిచింది నూకాలు. వీరోజు చిన్న సుత్తితో పట్టీని కడ్డీకి అదుముతూ వచ్చాడు. ఆవిడ అడుగు పడిన కొద్దీ పట్టీ నా ఒంటి మీద పైకి పాకింది. నూకాలు ఎడమకాలి చిటికెనవేలు వంకర. చిన్నప్పుడు పుట్టింటి కొలిమిలో సుత్తి జారి పడిందట. ఆ వంకర వేలు బొగ్గుమసిలో గుర్తులు వేస్తూ నా చుట్టూ తిరగడం ఇప్పటికీ నాకు జ్ఞాపకం. నన్ను కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగింది. అటే ఎందుకు తిరిగింది అని ఎవరూ అడగలేదు. గుడి చుట్టూ అయినా తులసికోట చుట్టూ అయినా మనవాళ్ళు తిరిగేది అటే. ఎడమవైపు ఉంచుకుని తిరిగేది కాటిలో, చితి చుట్టూ. పుట్టబోయే వస్తువు చుట్టూ అలా తిరగాలని ఏ ఆడమనిషికైనా ఎందుకు తోస్తుంది?

తరవాత వెలిగారం చల్లి ఇత్తడి కరిగించి పట్టీని నా ఒంటికి అతికించాడు. మసీ బంకమట్టీ పూసి, నా చుట్టూనే ఇత్తడి పోసి దిమ్మ చేశాడు. నాకు సరిపోయే దిమ్మ నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేరుగా! అది మొదట నన్ను వదల్లేదు. ఆముదం పోసి, వేడి పెట్టి, నలుగురు పట్టి లాగితే కిర్రుమని కదిలాను. ఆ కిర్రుకి వీరోజు పసిపిల్లాడి ఏడుపు విన్న తండ్రిలాగా నేల మీద కూలబడిపోయాడు. అప్పటికి ఆరు నెలలైంది.

పరీక్ష రోజున దొర నా నెత్తిన టేకు దుంగల దొంతర పెట్టించాడు. వీరోజు చుట్టాలు నలుగురు నా తల కింద అడ్డంగా దూర్చిన గడ పట్టుకుని తిప్పారు. దుంగలు లేచాయి. దొర కర్రతో కొలిచి చూసుకున్నాడు, చప్పట్లు కొట్టాడు, వీరోజుకు ఎర్ర శాలువా కప్పాడు. రేవు కొలిమి ఇక వీరోజుదేనని, తన మాటలు తెలుగు చేసే రాయసగాడి చేత చెప్పించాడు. అందరూ నా నెత్తి వైపే చూశారు. తిప్పేవాళ్ళ కాళ్ళ వైపు ఎవరూ చూడలేదు.

చూసింది నూకాలే, ఆ మర్నాడు. బొగ్గుల తట్ట ఎత్తుకుని పోతూ దొర మర తిరగడం చూసి ఆగిపోయింది. అక్కడ గంగులు మేస్త్రీ ముఠా పని చేస్తోంది. ఆ మర లేవాలంటే ఎడమవైపుకి, చితి చుట్టూ తిరిగినట్టు తిరగాలి. అది వాళ్ళకి మొదట్లో పెద్ద చిక్కే అయింది. అందుకని పని మొదలెట్టేముందు గడ లేకుండా వట్టినే కుడివైపుగా మూడు చుట్లు తిరిగి, ఒక దండం పెట్టి, అప్పుడు గడ అందుకునేవాళ్ళు. దొర దాన్ని ఈ దేశపు కసరత్తు అనుకునేవాడు.

నూకాలు తట్ట దించి కొలిమికి పరిగెత్తుకొచ్చింది.

"మావా, దొరగారి మర అటు తిరుగుతుంటే లెగుత్తంది. మనది ఇటు తిరిగితే లెగుత్తంది."

వీరోజు చేతిలో సుత్తి అలాగే ఆగింది. వెళ్ళి చూసి వచ్చాడు. మొహాన రక్తం లేదు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు.

"అంటే ఏమవుద్ది?"

"తప్పంటారు. తప్పిన పని దాచుకున్నోడి కొలిమి సల్లారిపోద్దని మా అయ్య ఒట్టేయించుకున్నాడే. తప్పయితే నా సేత్తోనే ముక్కలు సెయ్యాల." అతను నా మెట్ల మీద చెయ్యి వేశాడు. "ఆర్నెల్లు. దీన్నెలా కొట్టనే?"

నూకాలు ఇంకేమీ అనలేదు. అది నాకు తెలిసి ఆవిడ చేసిన ఒకే ఒక్క తప్పు. ఆయన నన్ను కాపాడుకోవడానికి నోరు మూసుకున్నాడు. ఆవిడ ఆయన మొహం చూసి నోరు మూసుకుంది. ఆ ఇద్దరి మధ్య నేను తలెత్తుకుని నిలబడ్డాను. సిగ్గు పడడం నాకు అప్పటికి తెలియదు.

ఓడకు అటొక మర, ఇటొక మర పెట్టి ఎత్తేవాళ్ళు. మధ్యలో ఓడ కడుపు అడ్డం కనుక ఈ ముఠా ఎటు తిరుగుతోందో ఆ ముఠాకు కనిపించదు. వీరోజు నా దగ్గర తన చుట్టాలు నలుగుర్నే పెట్టుకున్నాడు, వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నాడు, తను పక్కన లేకుండా గడ ముట్టనిచ్చేవాడు కాదు. అలా రెండు ఓడలు లేచాయి. దాచిన గుట్టు రెండుసార్లు దాగితే మనిషి దాన్ని గుట్టనుకోవడం మానేస్తాడు.

మూడో ఓడ వచ్చింది. అది చెన్నపట్నం షావుకారుది. పార్థివ సంవత్సరం, ఆశ్వయుజ అమావాస్య. ఆ రోజున పోటు ఎక్కువ. జాము పొద్దెక్కేసరికే మట్టికట్ట సందుల్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి. కట్ట తెగేలోపు ఓడను ఎత్తి కింద చెక్క దిమ్మలు పెట్టెయ్యాలని దొర తొందరపడుతున్నాడు. వీరోజు చుట్టాలు నలుగురికీ చలిజ్వరం. వాళ్ళకు బదులు గంగులు మేస్త్రీ తన మనుషుల్ని తెచ్చాడు. అందరూ దొర మర తిప్పి అలవాటైనవాళ్ళే. పొద్దున వీరోజు దగ్గరుండి, వాళ్ళ భుజాలు పట్టుకుని మరీ కుడివైపు నడిపించాడు. ఓడ జానెడు లేచింది. అటెందుకో అతను చెప్పలేదు, ఓడను లేపింది అవతలి మరేనని వాళ్ళు అనుకున్నారు. పైడన్న కడుపు మీద పాక్కుంటూ కిందికి వెళ్ళి, వెన్నుదూలం కింద కొత్త దిమ్మలు సర్దుతున్నాడు.

అప్పుడు గట్టు మీంచి పిలుపు వచ్చింది. షావుకారు వచ్చాడు, మర చేసినవాణ్ణి చూస్తాడట, శాలువా కప్పుకుని రమ్మన్నారు. వీరోజు చేతులు కడుక్కున్నాడు. "ఇప్పుడే వత్తాను," అన్నాడు గంగులుతో. అంతే అన్నాడు. నేను రాకుండా తిప్పొద్దు అన్న మాట నోటిదాకా రాలేదు. శాలువా ఎక్కడ పెట్టానా అన్న ధ్యాసలో ఉన్నాడు.

గట్టు మీద దొర షావుకారుకి వీరోజును చూపించాడు. నవ్వాడు. తరవాత మా వైపు తిరిగి, తల మీద చెయ్యెత్తి తన మర తిరిగే దారిలో గిర్రున తిప్పి చూపించి అరిచాడు.

"తిప్పు!"

గంగులు మనుషులు గడ మీద ఛాతీ ఆనించి అటే నడిచారు. నేను కిందికి దిగాను.

ఆగుదామనుకున్నాను. ఇనుముకు ఆగే హక్కు లేదు. ఎటు తిప్పితే అటు పోవాల్సిందే. మొదటి చుట్టుకి బొటనవేలంత దిగాను. రెండో చుట్టుకి ఓడ నా వైపు ఒరిగింది. పెట్టీ పెట్టని దిమ్మ పక్కకి జారింది. పైడన్న కుడికాలు ఆ దిమ్మకీ వెన్నుదూలానికీ మధ్య పడింది. అతని అరుపు చెక్కల గుండా నా ఒంట్లోకి పాకింది.

మనుషులు ఆగిపోయారు. "బురదలో కూరుకుపోతంది! ఇంకా తిప్పండ్రా, లెగాల!" అన్నాడు గంగులు. అతనిలో దుర్మార్గం ఏమీ లేదు. పైడన్నను కాపాడాలనే అన్నాడు. పై నుంచి దొర కూడా తిప్పు, తిప్పు అంటున్నాడు. గడ మళ్ళీ కదిలింది. నేను ఇంకో అర బొటనవేలు దిగాను. పైడన్న అరుపు ఆగిపోయి మూలుగైంది. కట్ట దగ్గర ఊరుతున్న నీళ్ళు అప్పటికి అతని వీపు కిందికి వచ్చాయి.

గట్టు మీద వీరోజు ఎర్ర శాలువాలో నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుసు. ఆ క్షణాన ఆ గట్టు మీద తెలిసినవాడు ఆయనొక్కడే. నోరు తెరిచాడు. మాట రాలేదు. మాట వస్తే ఏం జరుగుతుందో ఆయన కళ్ళలో నాకు కనిపించింది. నా మర తప్పు అని రేవంతటి ముందూ ఒప్పుకోవాలి. దొర మళ్ళీ ఆ నవ్వు నవ్వుతాడు. సమ్మెటతో నన్ను ముక్కలు చెయ్యాలి. ఎంతసేపు అలా నిలబడ్డాడు? తమలపాకుకు సున్నం రాసుకునేంతసేపు. బతికి ఉన్నంతకాలం ఆ కాసేపే ఆయన్ను వెంటాడింది. నన్నూ వెంటాడుతోంది. నా మీద ఉన్న ప్రేమతో ఒక మనిషి నోరు పడిపోవడం నేను చూశాను. అలాంటి ప్రేమ నాకు వద్దని ఆ రోజే తెలిసింది.

నూకాలు కొలిమి దగ్గర్నుంచి వచ్చింది. పరిగెత్తి కాదు, గట్టు మీంచి జారి బురదలో పడి, లేచి వచ్చింది. తమ్ముడి మొహం చూసింది, నా మెట్లు చూసింది.

"అటు కాదు! కుడిపక్కకి తిప్పండి!"

గడకు రెండు కొసలు. ఈ కొస మనుషులకి కుడి ఒకటి, ఆ కొసలో ఎదురుగా నిలబడి తోసేవాళ్ళకి కుడి ఇంకొకటి. ఇద్దరు ఇటు తోశారు, ఇద్దరు అటు లాగారు. గడ బిగుసుకుపోయింది. నీళ్ళు పైడన్న భుజం తాకాయి. "అక్కా," అన్నాడు, మెల్లిగా, అన్నం పెట్టమన్నట్టు.

"ప్రదచ్చినం!" నూకాలు గొంతు చీలిపోయింది. "గుడి సుట్టూ తిరిగినట్టు తిరగండర్రా! ప్రదచ్చినం!"

ఆ మాటకు రెండు కొసలు లేవు. అందరికీ ఒకేసారి అర్థమైంది. అర్థమై కూడా కదల్లేదు.

"దొర అటు తిప్పమన్నాడు తల్లీ," అన్నాడు గంగులు. "ఇటు తిప్పితే ఇంకా దిగిపోద్ది. మీవోడు సచ్చిపోతాడు. ఆ పాపం మా నెత్తినెట్టుకోలేం."

"ఇది నేను సుట్టిన మర. ఎటు లెగుద్దో నా కాళ్ళకి తెలుసు."

వాళ్ళు పై నున్న దొర వైపు చూశారు. దొర చెయ్యి ఇంకా అటే తిరుగుతోంది. నూకాలు గట్టు మీద మొగుడి వైపు చూసింది.

"మావా! నువ్వైనా సెప్పవేం!"

ఇంకేమీ అనకుండా తనే గడ కొసకి ఛాతీ ఆనించింది. ఒక్క ఆడమనిషి బలానికి ఓడ కదలదు. అయినా తోసింది. ఆవిడ ఎడమకాలు బురదలో జారింది, మళ్ళీ తన్నిపట్టింది.

అప్పుడు వీరోజు దూకాడు. శాలువా గట్టు అంచున కర్రకి చిక్కుకుని చిరిగింది. బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు, లేచాడు. "ప్రదక్షిణమే! నా మర ప్రదక్షిణమే!" అని అరుస్తూ వచ్చి నూకాలు పక్కన గడ పట్టుకున్నాడు. మర చేసినవాడే చెబుతుంటే ఇక గంగులు మనుషులకు అనుమానం లేకపోయింది. ఆరుగురు కలిసి తోశారు. మొదట నేను కదల్లేదు. ఓడ బరువంతా నా మెట్ల మీద ఉంది, ఇత్తడి మూలిగింది, అతుకు ఎక్కడైనా ఊడితే అందరం పోతాం. ఊడలేదు. వీరోజు అతుకు ఊడేది కాదు. ఒక అడుగు. రెండడుగులు. నా చుట్టూ తిరిగారు. నేను లేచాను. గడ్డం దాకా వచ్చిన నీళ్ళలోంచి పైడన్నను ఇద్దరు చంకల కింద పట్టి లాగారు. మోకాలి కింద ఎముక నుగ్గైపోయింది. మనిషి మాత్రం దక్కాడు.

పొద్దు వాలకముందే దొర అందరినీ పిలిపించాడు. ఆయనే స్వయంగా నన్ను అటొకసారీ ఇటొకసారీ తిప్పి చూశాడు. సంగతి తెలిసింది. నవ్వలేదు. రాయసగాడి చేత అడిగించాడు. తప్పుగా చుట్టింది ఎవరు?

వీరోజు సమ్మెట తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే తెచ్చాడు. నన్ను దాగలి మీద అడ్డంగా పడుకోబెట్టాడు. "నాదే తప్పు," అన్నాడు. సమ్మెట ఎత్తాడు. నిజం చెప్పాలంటే నేను సిద్ధంగానే ఉన్నాను. పైడన్న మూలుగు నా మెట్లలో ఇంకా ఆగలేదు.

"ఏటి తప్పు?" నూకాలు అడ్డం వచ్చింది. పైట నిండా బురద, తమ్ముడి నెత్తురు. "అది నా నడక. గుడి సుట్టూ తిరిగినట్టు తిరిగేను. తప్పు నడక నడిసేనంటావా? అనుకుంటే కొట్టు."

సమ్మెట గాలిలో ఉంది.

ఆవిడ దొర వైపు తిరిగింది. "బాబూ, తమరి మర అటు, మా మర ఇటు. రెండూ లెగుత్తన్నాయి. మర తప్పు కాదు. తెలిసినోళ్ళు నోరు మూసుకోడం తప్పు. నేనూ మూసుకున్నాను."

మొగుడి పేరు ఎత్తలేదు. ఆయన వైపు చూడలేదు. ఆ చూడకపోవడం ఉంది చూశారూ, సమ్మెట దెబ్బ అంతకన్నా తేలిక. వీరోజు సమ్మెట దించి నేల మీద పెట్టేశాడు. ఇదంతా రాయసగాడు దొర చెవిలో ఎంతవరకు వేశాడో నాకు తెలియదు. దొర నన్ను పారేయించలేదు, రేవు కొలిమి ఇస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

పైడన్న కాలు మోకాలి కింద తీసెయ్యాల్సి వచ్చింది. ఆ తరవాత ఇంట్లో నూకాలు మొగుడితో మూడే మాటలు మాట్లాడింది. బొగ్గు, నీళ్ళు, అన్నం. పగలల్లా పక్కపక్కన నిలబడి ఇనుము కొట్టేవాళ్ళు, దెబ్బకు దెబ్బ తప్పేది కాదు, మాట మాత్రం ఉండేది కాదు. వీరోజు క్షమించమని అడగలేదు. అడగడం అతనికి రాదు. మా మగవాళ్ళకి ఇనుము వంచడం నేర్పుతారు, తల వంచడం ఎవరూ నేర్పరు అని పైడన్న ఒకసారి అన్నాడు.

అడగడానికి బదులు ఉలి తీసుకున్నాడు. నా తల కింద పళ్ళెంలాంటి పట్టీ ఒకటుంది, గడ దూర్చేది అక్కడే. గడ పట్టుకున్నవాడికి ముందు కనిపించేది ఆ పట్టీయే. దాని చుట్టూ బొటనవేలంత పాదాలు చెక్కాడు, ఒకదాని వెనక ఒకటి, ప్రదక్షిణంగా. ఎవరు వచ్చినా, ఏ భాషవాడైనా, అక్షరం ముక్క రాకపోయినా, ఈ అడుగులు పోయిన దారినే పోతే చాలు. ఇక నేనెటు తిరగాలో చెప్పడానికి పక్కన మనిషి ఉండక్కర్లేదు, ఆ మనిషికి నోరు పడిపోయినా పర్లేదు. వీరోజు చేసిన పనులన్నిట్లోకీ గొప్పది అదేనని నేనంటాను. దాని తరవాత పైడన్నకు చెక్క కాలు చేశాడు, ఎత్తు పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి అందులో చిన్న మర పెట్టి. అదీ నా దారే. "మా బావ నా కాలికి కూడా ప్రదచ్చినం నేర్పాడు," అని పైడన్న రేవంతా చెప్పుకు తిరిగేవాడు. అంత మంచి మనసున్నవాడి కాలు నా వల్ల పోయింది.

పాదాలు చెక్కిన సంగతి నూకాలు మొదటి రోజే చూసింది. నాకు నూనె రాసే పని ఆవిడదే. రాస్తూ ఆ పట్టీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది, మళ్ళీ కదిలేది. ఏడాది తిరిగింది. మళ్ళీ ఆశ్వయుజ మాసం. దసరాకి పనిముట్లన్నీ కడిగి బొట్లు పెడుతోంది. నా పాదాలకు బొట్టు పెడుతూ ఒకదాని దగ్గర వేలు ఆపింది. ఎడమపాదం. వంగి దగ్గరగా చూసింది. తరవాత ఇంకో ఎడమపాదం చూసింది, ఇంకోటి చూసింది.

"సిటికెనేలు బానే కుదిరింది," అంది, మొగుడి వైపు తిరక్కుండానే.

వీరోజు తిత్తి దగ్గర కూర్చుని ఉన్నాడు. గట్టిగా ఏడ్చాడు. ఆవిడ బొట్లు పెట్టడం ఆపలేదు.

తరవాత చాలా జరిగింది. దొర పోయాడు. ఉప్పెన వచ్చి రేవును తీసుకుపోయింది. అంతకు రెండేళ్ళ ముందే వీరోజు పోయాడు. నూకాలు, పైడన్న నన్ను బండి మీద వేసుకుని ఎగువకి వెళ్ళిపోయారు. వాళ్ళూ పోయాక చెరుకు గానుగలో కొన్నాళ్ళు, కాకినాడలో పుస్తకాలు కుట్టేవాడి దగ్గర కొన్నాళ్ళు పని చేశాను. ప్రతివాడూ మొదట నన్ను అలవాటు దారిలో తిప్పబోయి, బిగుసుకుపోతే తిట్టి, తరవాత పాదాలు చూసి నాలిక కరుచుకున్నవాడే. ఆఖరికి ఇనుప సామాన్ల కొట్టులో బండ చాకిరీ లేకుండా ముప్పై ఏళ్ళు పడుకున్నాను. అక్కడి నుంచి ఎవరో చదువుకున్నాయన ఏరి ఈ మ్యూజియానికి ఇచ్చాడు.

ఇక్కడ నన్ను గాజు పెట్టెలో పెట్టలేదు, మధ్యగదిలో దిమ్మ మీద నిలబెట్టారు. ముందు ఒక చీటీ ఉంది. దాని మీద ఇలా రాశారు. 'విష్ణుపాదాలు గల ఇనుప స్తంభం. పూజా సామగ్రి కావచ్చు. ఎడమ పాదాలన్నిట్లో చిటికెనవేలు వంకరగా ఉండడం శిల్పి చేతి లోపం.' చదువుకున్నవాళ్ళు చదివి తల ఊపి వెళ్ళిపోతారు. చదువు రానివాళ్ళు చెప్పులు పక్కన విడిచి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పాదాలు తాకి కళ్ళకద్దుకుంటారు. గది ఊడ్చే మనిషి శుక్రవారం శుక్రవారం కాస్త పసుపు రాస్తుంది.

ఇవి దేవుడి పాదాలు కావమ్మా, కోరంగి కమ్మరి నూకాలువి అని చెప్పాలనిపిస్తుంది. నాకు నోరు లేదు. నోరుండి మూసుకున్నవాణ్ణి చూశాను కనుక దానికి పెద్దగా బెంగపడను. మొక్కనివ్వండి. ఆ పాదాలకు మొదట మొక్కినవాడు ఉలితో మొక్కాడు. అతని చెయ్యి ఎక్కడా జారలేదు. ఆ వేలు అంతే.